పలుకని తీగ

పొందూరులో పుట్టినవారికి నూలుపోగు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మా మామ్మ నూరవ నంబరు నూలు వడికెడిది. పత్తిని వాలుగ చేప దవడయెముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, పిమ్మట రాట్నము ముందు కూర్చుండుట మా యూరి పద్ధతి. ఆ పోగు పగటి వెలుతురులోనే కనిపించీ కనిపించనంత సన్నము. అయినను సందెచీకటి పడిన తరువాత కూడ ఆమె చేయి ఆగెడిది కాదు. ఒకనాడు నేను, "చీకట్లో పోగు తెగితే నీకెలా తెలుస్తాది మామ్మా?" అని అడిగితిని. ఆమె రాట్నము త్రిప్పుచునే, "పోగు చేతిని లాగుతున్నంతసేపూ ఉన్నట్టు నాయనా. లాగడం మానీసిందంటే తెగిపోయినట్టు" అని బదులు చెప్పెను.

ఆ మాట లోతు నాకు పెద్దవాడనైన తరువాత గాని తెలియలేదు. అగ్నిప్రమాదమును హెచ్చరించు యంత్రములను బాగుచేయుట నా జీవనోపాధి. గిడ్డంగులలోను, ఆసుపత్రులలోను, పెద్ద వసతిగృహములలోను గోడకు బిగించిన పెట్టెను మీరు చూచియుందురు. దానిని మేము ప్యానెల్ అందుము. పైకప్పునకు బిగించిన గుండ్రని డిటెక్టర్లు పొగను గాని వేడిని గాని పసిగట్టి, తీగల ద్వారా ఆ పెట్టెకు వార్త పంపును. పెట్టె గంట మ్రోగించును. తీగ తెగినచో వార్త రాదు, పెట్టె నిశ్శబ్దముగా నుండును. నిప్పు లేనప్పుడును పెట్టె నిశ్శబ్దముగనే యుండును. ఈ రెండు నిశ్శబ్దములను వేరుపరచుట యెట్లు? నూటడెబ్బది యేండ్లుగా యంత్రజ్ఞులు ఈ ప్రశ్నతో పెనగులాడుచున్నారు. ఆ చరిత్రను, అందులో నేను చేసిన తప్పును నేడు మీకు మనవి చేసెదను.

మన పల్లెలలో పూర్వము పూరిళ్లే యెక్కువ. తాటాకు కమ్మల యిండ్లు ఒకదాని చూరు ఒకదానికి తగులుచు వరుసగా నుండెడివి. ఎండకాలమున గాలి వీచునప్పుడు ఒక పొయ్యి నుండి లేచిన నిప్పురవ్వ వీధినంతయు బూడిద చేయగలదు. ఆనాడు వార్తకు సాధనము మనుష్యుని గొంతు. దాని తరువాత తలారి చేతిలోనో బారికి చేతిలోనో ఉండు డప్పు. కేక విన్నవారు కడవలతో, కుండలతో నూతికడకు పరుగెత్తెడివారు. కొందరు నిచ్చెన వేసి, ఇంకను అంటుకొనని యింటి కమ్మలను లాగివేసి నిప్పునకు దారి లేకుండ చేసెడివారు. ఈ పద్ధతిలో ఒక మేలు కలదు. కేక ఏ దిక్కునుండి వచ్చెనో చెవికే తెలియును గనుక, నిప్పు ఏ వీధిలో నున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఒక లోపమును కలదు. డప్పు మ్రోగలేదనిన ఊరు క్షేమమని అర్థమా, డప్పు పట్టవలసినవాడు నిద్రించుచున్నాడని అర్థమా? అందుకే గస్తీ తిరుగువాడు జాము జామునకు కేక వేసెడివాడు. అది దొంగలను బెదరించుటకు మాత్రమే కాదు, తాను మేలుకొనియున్నానని ఊరికి తెలుపుటకు కూడ. కేక వినబడని జామున పెద్దలు లేచి చూడవలసినదే.

పట్టణములు పెరిగిన కొలది గొంతును డప్పును చాలకపోయెను. అమెరికాలోని బోస్టన్ నగరమున విలియం చానింగ్ అను వైద్యుడు, మోజెస్ ఫార్మర్ అను యంత్రజ్ఞుడు కలసి టెలిగ్రాఫు తీగను ఈ పనికి వినియోగించిరి. వీధులలో అక్కడక్కడ పెట్టెలు బిగించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య నిచ్చిరి. నిప్పు చూచినవాడు పెట్టె తెరచి చేతిపిడి త్రిప్పినచో, ఆ సంఖ్య తీగ మీదుగా కేంద్ర కార్యాలయమును చేరును. అచ్చటివారు నగరములోని గంటలను మ్రోగింతురు. 1852 ఏప్రిల్ 28న ఈ యేర్పాటు పనిలోనికి వచ్చినది. మరునాడే మొదటి వార్త వచ్చినది. అయితే పిడి త్రిప్పినవాడు కంగారులో మిక్కిలి వేగముగా త్రిప్పుటచే కేంద్రములోని వారికి సంఖ్య బోధపడలేదనియు, అతడే పరుగెత్తి వచ్చి నోటితో చెప్పవలసివచ్చెననియు చెప్పుకొందురు. ఆ తీగ మీద నడచిన మొట్టమొదటి వార్తయే లోపముతో పుట్టినదన్నమాట.

తీగ మీద వార్త నడపుట ఒక విద్య, తెగిన తీగ ఎక్కడ తెగెనో కనుగొనుట మరియొక విద్య. 1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రగర్భమున వేసిన తీగ మీద ఇంగ్లండునకు అమెరికాకు నడుమ టెలిగ్రాములు నడచినవి. సుమారు మూడు వారములకే ఆ తీగ మూగపోయినది. వార్త సరిగా అందుట లేదని దానిలోనికి మిక్కుటమైన విద్యుత్తును పంపుట అందులకొక కారణము. లోపమును వెదకక బలము ప్రయోగించుట ఎంత చేటో ఆనాడు తెలిసినది. ఆ పిదపనే ఒడ్డున కూర్చుండి, తీగ విద్యుత్తునకు చూపు నిరోధమును కొలిచి, లోపము ఎన్ని మైళ్ల దూరమున నున్నదో లెక్కకట్టు పద్ధతులు బలపడినవి. 1866లో వేసిన తీగ స్థిరముగా నిలిచినది.

బోస్టనులో ఇరువది యేండ్లకు మరియొక విధమైన లోపము బయటపడినది. దొంగవార్తలు రాకుండుటకై వీధిపెట్టెలకు తాళములు వేసి, తాళపుచెవులను కొందరి చేతనే యుంచిరి. 1872 నవంబరు 9 సాయంకాలము ఒక గిడ్డంగిలో నిప్పు పుట్టినప్పుడు, ఆ తాళముల మూలమున వార్త చేరుటకు సుమారు ఇరువది నిమిషములు ఆలస్యమైనది. 776 కట్టడములు కాలిపోయినవి. తీగ బాగుగనే యున్నది, పెట్టె బాగుగనే యున్నది. మనుష్యులు చేసిన యేర్పాటే వార్తను బంధించినది.

అదే 1872లో, అదే దేశమున, విలియం రాబిన్‌సన్ అను యంత్రజ్ఞుడు రైలుపట్టాల కొరకు ఒక కొత్త పద్ధతికి పేటెంటు పొందెను. పట్టాల గుండ సన్నని విద్యుత్ప్రవాహము ఎల్లప్పుడును నడచి, దూరముననున్న పరికరమును చేరుచుండును. పట్టాల మీదికి బండి వచ్చినచో ఆ ప్రవాహము పరికరమును చేరదు. పట్టా విరిగినను చేరదు. విద్యుత్తు పోయినను చేరదు. చేరుచున్నంతవరకే దారి క్షేమము. చేరుట మానినచో, కారణమేదైనను, అపాయమనియే సూచన పడును. మా మామ్మ రాట్నము కడ చెప్పిన మాటయే యిది.

మన పెద్దలకు ఈ నియమము మరియొక రూపమున ఎరుకయే. బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గమును 1893కు 1896కు నడుమ వేసిరి. నేడు మా పొందూరు స్టేషను ఆ తీరమార్గము మీదనే యున్నది. పాతకాలపు చేయిసిగ్నళ్లు మీకు జ్ఞాపకముండవచ్చును. స్టేషనులో మీట లాగినప్పుడు పొడవైన ఉక్కుతీగ లాగబడి, స్తంభము మీది చేయి క్రిందికి వాలి బండికి దారి యిచ్చెడిది. ఆ తీగ నడుమ తెగినచో, ఎదురుబరువు వలన చేయి తనంతట తాను అడ్డముగా నిలిచి బండిని ఆపెడిది. తెగిన తీగ "రా" అని చెప్పుటకు వీలులేదు. "ఆగు" అని మాత్రమే చెప్పవలెను.

అగ్నిసూచక తీగలలోను ఈ నియమము ప్రవేశించినది. తీగ చివర చిన్న నిరోధకమును బిగించి, దాని గుండ కొద్దిపాటి విద్యుత్తును ఎడతెగక నడపుదురు. డిటెక్టరు నిప్పును కనిపెట్టినచో ప్రవాహము పెరిగి గంట మ్రోగును. తీగ తెగినచో ప్రవాహము ఆగిపోవును. అప్పుడు పెద్ద గంట కాక చిన్న బజరు మ్రోగి, పసుపుపచ్చని దీపము వెలుగును. ఆ దీపమునకు అర్థము "నిప్పు లేదు" అని కాదు. "నిప్పున్నదో లేదో నాకు తెలియదు" అని. నా ప్రసంగములో ఈ యొక్క మాటను మీరు జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఇక పత్తి మాట. పైకి మంట లేవకుండ, బేలు నడుమ గంటల తరబడి కుములుట పత్తి స్వభావము. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో పత్తి బేళ్లును మందుగుండును ఉండెను. మధ్యాహ్నము రెండు గంటల వేళ లోపల నిప్పున్నదని తెలిసినది. సరిగా ఎచ్చట నున్నదో కంటబడలేదు. నాలుగు గంటల ఆరు నిమిషములకు ఓడ పేలినది. ఆ దుర్ఘటనలో అగ్నిమాపక దళమువారే 66 మంది మరణించిరి. వారి స్మరణార్థమే మన దేశమున ఏప్రిల్ 14ను అగ్నిమాపక దినముగా జరుపుచున్నారు. నిప్పు కలదని తెలిసిన చాలదు, ఎక్కడ కలదో తెలియవలెను.

పైన చెప్పిన పాత తీగలకు ఆ శక్తి లేదు. ఒక తీగకు ఇరువది డిటెక్టర్లున్నచో, "ఈ భాగమున నిప్పు" అని మాత్రమే పెట్టె చెప్పగలదు. 1980 దశకమున మైక్రోప్రాసెసర్లు చౌకయైన పిమ్మట, బోస్టన్ వీధిపెట్టెలకు వలెనే ప్రతి డిటెక్టరునకు ఒక నంబరు నిచ్చు పద్ధతి వ్యాపించినది. ఇంటికి నంబరున్నట్లు డిటెక్టరునకు నంబరు. దీనిని అడ్రసబుల్ పద్ధతి యందురు. పెట్టె నుండి రెండు తీగలు జంటగా బయలుదేరి, గదులన్నియు చుట్టి, మరల పెట్టెకే వచ్చి చేరును. ఈ వలయమును లూప్ అందురు. డిటెక్టర్లకు కావలసిన విద్యుత్తును, వానితో సంభాషణయు, ఆ రెండు తీగల మీదనే నడచును. బడిలో పంతులు హాజరు పట్టీ చదివినట్లు పెట్టె ఎడతెగక నంబర్లను పిలుచుచుండును. ప్రతిదియు "ఉన్నాను" అని పలుకవలెను. కొన్ని పిలుపులకు వరుసగా పలుకనిచో, ఫలానా నంబరు మాటలాడుట లేదని పెట్టె తెలుపును. దీనినే కమ్యూనికేషన్ ఫాల్టు అందుము. జాము జామునకు కేక వేయు మన కావలివాడు ఇన్నాళ్లకు తీగ మీదికి వచ్చెను.

యంత్రము ఇంత నేర్చినను, వినువాడు వినవలెను గదా. నా తప్పు అచ్చటనే కలదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన శ్రీకాకుళము జిల్లా తీరమును దాటినది. ఆ యేట ఒక నూలుబట్టల గిడ్డంగిలోని 96 డిటెక్టర్ల లూప్ నా సంరక్షణలో నుండెను. తుపానుకు మూడు నెలల ముందే "లూప్ తెగినది" అని పెట్టె తెలిపెను. నేను వెళ్లి చూడగా 96ను పలుకుచునే యున్నవి. వలయము ఒకచోట తెగినప్పుడు పెట్టె రెండు కొసల నుండియు పిలుచును గనుక ఏదియు తప్పిపోదు. అందరును పలుకుచున్నారు గదా, తరువాత చూతమని పుస్తకములో వ్రాసి వచ్చితిని. ఇది మొదటి తప్పు. తుపాను పిదప ఒక శుక్రవారము సాయంకాలము అచ్చటి కాపలావాడు టెలిఫోనులో, "బాబూ, పెట్టె అరుస్తంది. నలభై ఒకటి నుంచి ఏబై ఎనిమిది దాకా పలకట్లేదని రాసుంది" అనెను. "బజరు నొక్కి ఊరుకోబెట్టు. సోమవారం వస్తాను" అని నేను చెప్పితిని. ఇది రెండవది.

ఆదివారము తెల్లవారుజామున, సరిగా ఆ పదునెనిమిది డిటెక్టర్ల క్రింద, పేర్చిన బేళ్లలో నిప్పు పుట్టెను. పెట్టె గంట మ్రోగలేదు. వాకిలి యూడ్చుటకు వచ్చిన ముసలామె పొగవాసన పసిగట్టి కేక వేసినది. అగ్నిమాపక దళము వచ్చునంతలో కాపలావాడు కాలుచున్న బేళ్లను చేతులతోనే బయటికి లాగెను. ప్రాణములు పోలేదు. కాని అతని రెండు అరచేతులును కాలినవి. ఒక చేతి వ్రేళ్లు ఈనాటికిని పూర్తిగా ముడుచుకొనవు. ఆసుపత్రిలో అతడు నన్ను ఒక్కమాట అనలేదు. "నేనే దాని నోరు నొక్కీసినాను బాబూ" అని తన్ను తాను నిందించుకొనెను. నొక్కమన్నది నేను. ఆ మాట అతనితోను, గిడ్డంగి యజమానులతోను అచ్చటనే చెప్పితిని.

మరునాడు లోపమును వెదకితిని. ఆ లూప్‌లో నంబర్లు తీగ నడచిన వరుసలోనే యున్నవి. పదునెనిమిదియు వరుసగా తప్పిపోయినవనిన తీగ రెండుచోట్ల తెగియుండవలెను: 40కి 41కి నడుమ ఒకచోట, 58కి 59కి నడుమ ఒకచోట. మొదటిదానిని ఎలుకలు కొరికినవి. అది మూడు నెలల నాటిది. వలయపు తిరుగుకొసను ఆనాడే పెట్టె నుండి విప్పి, ఒక్క కొస నుండియే పిలిచియుండినచో, 40 వరకు పలికి 41 నుండి మౌనము వహించియుండును. మౌనము మొదలైన చోటే తెగిన చోటు. పావుగంట పని. రెండవది కప్పు దగ్గరి అతుకుపెట్టె. అందులో తీగలను మరలతో బిగింపక మెలిపెట్టి విడిచియుండిరి. తుపాను తేమకు రాగి పచ్చబడి అతుకు విడిపోయినది.

రెండును అతికిన తరువాత 96ను పలికినవి. అయినను, విద్యుత్తు ఎక్కడనో భూమిలోనికి కారుచున్నదని తెలుపు దీపము ఆరలేదు. ఇట్టిదానికి సగపాలు పద్ధతి మంచిది. లూప్‌ను 48 వద్ద విడదీసి, లోపము ఏ సగమున నున్నదో చూడవలెను. ఆ సగమును మరల సగము చేయవలెను. ఇట్లు 96లో ఒకదానిని పట్టుటకు ఏడు మెట్లకు మించి పట్టదు. ఒక్కొక్కటే విప్పుచు పోయిన దినమంతయు చాలదు. టెలిగ్రాఫు తీగలను కాచినవారు చేసినదియు ఇదియే. నడిమి స్టేషను పలికినచో లోపము ఆవల, పలుకనిచో ఈవల. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసినది; ఆ యుపాయము మాత్రము నిలిచియున్నది. నాకు ఏడవ మెట్టున దొరకినది, రేకుల చూరు క్రింద నీరు చేరిన డిటెక్టరు పీట.

మిగిలిన లోపములకును ఇట్టి గుర్తులే కలవు. ఒక్క నంబరు మాత్రమే పలుకనిచో, ముందు ఆ డిటెక్టరు పీటలో సరిగా కూర్చున్నదా, దాని నంబరు సరిగా పెట్టిరా అని చూడవలెను. ఇద్దరు పిల్లలకు ఒకే పేరున్నచో పంతులు పిలిచినప్పుడు ఇద్దరును పలికి గందరగోళమగును; రెండు డిటెక్టర్లకు ఒకే నంబరు పెట్టినను అంతే. జంటతీగలు ఒకదానితో నొకటి తగిలినచో లూప్ అంతయు మూగపోవును. అందుకే నడుమనడుమ ఐసొలేటర్లను బిగింతురు. అవి తలుపుల వలె తగిలిన భాగమునకు ఇరువైపుల మూసికొని మిగిలినదానిని కాపాడును. కొన్ని నంబర్లు ఒకసారి పలికి ఒకసారి పలుకనిచో, వదులు అతుకో, తేమయో, ప్రక్కనే పెద్ద మోటారు తీగ నడచుటయో కారణము కావచ్చును. తీగపూతను పరీక్షించు మెగ్గరు నుండి 500 వోల్టులు వెలువడుట కలదు. డిటెక్టర్లను విప్పకయే దానిని తగిలించినవాడు, ఒక లోపమును వెదకబోయి నూరు లోపములను తెచ్చిపెట్టును. బాగుచేయుట ముగియువరకు పలుకని భాగమున ఒక మనుష్యుని గస్తీ యుంచవలెను. తీగ నిద్రించుచున్నప్పుడు కావలివాడు మేలుకొనవలెను గదా.

పెద్దలారా, మీలో పలువురు బడుల సంఘములలోను, సహకార సంఘములలోను, కళ్యాణమండపముల నిర్వాహములోను ఉన్నారు. ఆ పెట్టె లోపలి మర్మములు మీకు తెలియనక్కరలేదు. దాని ముందు నిలిచి, పసుపుపచ్చని దీపము వెలుగుచున్నదా అని చూడుడు. వెలుగుచున్నచో, ఎన్నాళ్లనుండి అని అడుగుడు. "అది ఎప్పుడును అంతేనండి" అని ఎవరైన చెప్పినచో, ఆ సమాధానముతో తృప్తిపడవలదు. నిప్పు పుట్టినప్పుడు పెట్టెను నమ్ముకొని యుండక, అగ్నిమాపక దళమునకు 101కి వెంటనే చెప్పుడు.

ఆ కాపలావాడు నేటికిని ఆ గిడ్డంగిలోనే యున్నాడు. బజరు మ్రోగినచో నన్ను పిలుచును. నేను చేరువరకు దానిని నొక్కడు. కడచిన వానకాలమున ఒకనాటి రాత్రి రెండు గంటలకు పిలిచెను. వెళ్లి చూచితిని. ఒక డిటెక్టరు పీటలో వదులైనది, అంతకుమించి యేమియు లేదు. "చిన్నదానికి నిద్ర లేపీసినాను బాబూ" అని అతడు నొచ్చుకొనెను. "మంచిపని చేశారు" అంటిని. ఇద్దరమును గుమ్మము కడ కూర్చుండి, 96ను మరల పలుకువరకు చూచి, తెల్లవారిన పిమ్మట టీ త్రాగి నేను ఇంటికి వచ్చితిని.